ఎర్ర గుర్తు వెనక ఏముందో అడిగామా?



ప్రతి నెలా ఈ పేజీలో పరీక్షల గురించో, తిండి గురించో, పిల్లల అలవాట్ల గురించో చదువుతుంటారు. ఈసారి నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు చేసింది టీచరే కాబట్టి మీరు కొంచెం ఓపికగా వింటారని నమ్మకం.

నేను ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను. మా బ్రాంచికి రామగిరి వైపు నుంచి ఒక బస్సు వస్తుంది. ఆ బస్సులో వచ్చే ఒక అమ్మాయి క్లాసులో చురుగ్గా ఉంటుంది. మ్యాపులు బాగా గీస్తుంది. కానీ యాప్‌లో ఆమె పేరు పక్కన వరసగా ఎర్ర గుర్తులు కనిపించేవి. సంగతి మీకు తెలిసిందే. సాయంత్రం హోమ్‌వర్క్ యాప్‌లో పెడతాం. తెరిచి చూసి జవాబులు పంపితే పచ్చ గుర్తు, తెరవకపోతే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడితే ఇంటి నంబరుకు ఒక మెసేజ్ వెళ్తుంది.

ఒక నెలలో ఆమెకు పదకొండు ఎర్ర గుర్తులు పడ్డాయి. నేను క్లాసులో అందరి ముందూ, "ఇంట్లో ఏం చేస్తున్నావు? ఫోన్లో వీడియోలు చూడటానికి టైముంటుంది గానీ హోమ్‌వర్క్‌కు ఉండదా?" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుంది. ఏమీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి నేను అనుకున్నదే నిజమనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం పని మీద రామగిరి వెళ్ళాల్సి వచ్చింది. ఎటూ వచ్చాను కదా అని వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

వాళ్ళింట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్. నాన్న ధర్మవరంలో ఒక షావుకారు దగ్గర కూలికి మగ్గం నేస్తారు. తెల్లవారక ముందే బయలుదేరి, రాత్రి ఎనిమిది తొమ్మిదికి ఇల్లు చేరుతారు. ఫోన్ ఆయనతోనే ఉంటుంది. డిజైను ఫొటో వచ్చేది దాంట్లోనే, షావుకారు కబురు వచ్చేది దాంట్లోనే, కూలి డబ్బులు పడేదీ దాంట్లోనే. రాత్రి ఆయన రాగానే ఫోన్ ముందు ఇంటర్ చదివే అన్న చేతికి వెళ్తుంది. అన్నకు పోటీ పరీక్షల క్లాసులున్నాయి. చెల్లెలి వంతు వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది, లేదా పిల్ల నిద్రలో ఉంటుంది.

"మరి హోమ్‌వర్క్ ఎట్లా చేస్తావమ్మా?" అని అడిగాను. నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఆమె లోపలికి వెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చింది. సాయంత్రం పక్కింటి అక్క ఫోన్లో, క్లాసులో స్నేహితురాలికి ఫోన్ చేసి, ప్రశ్నలు చెప్పించుకుని రాసుకుంటుందట. తర్వాత పుస్తకం చూసి జవాబులు రాస్తుందట. పదకొండు ఎర్ర గుర్తుల్లో తొమ్మిది రోజుల హోమ్‌వర్క్ ఆ నోట్‌బుక్‌లో ఉంది. తేదీలతో సహా.

"నాకెందుకు చూపించలేదు?" అన్నాను.

"మీరు యాప్‌లో ఉందా అని అడిగినారు మేడం. రాసినావా అని అడగలేదు."

వాళ్ళ నాన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. మెసేజ్‌ల సంగతి ఎత్తగానే ఆయన ముఖం చిన్నబోయింది. "ఎర్రగా వస్తా ఉండాయి మేడం. ఇంగ్లీషులో ఉంటాయి కదా, ఫీజు బాకీ అని పంపిస్తా ఉండారేమో అనుకున్యా. పండగ తర్వాత కడతామని ముందే చెప్పింటిమి. మళ్ళీ ఏం చెప్పేదని తెరిచి చూడనే లేదు" అన్నారు.

పదకొండు మెసేజ్‌లు వెళ్ళాయి. పదకొండు సార్లు ఒక తండ్రి సిగ్గుపడ్డాడు, ఒక పిల్ల భయపడింది. మా దగ్గర మాత్రం "తల్లిదండ్రులకు సమాచారం పంపబడినది" అని నమోదైంది. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే జరిగాయి.

యాప్ అబద్ధం చెప్పలేదు. ఆ పిల్ల యాప్ తెరవలేదు, అది నిజం. తెరవలేదంటే చదవలేదని అర్థం తీసుకున్నది నేను. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది ఈ తేడా గురించే. మన పిల్లలకూ ఫోనుకూ మధ్య ఏం జరుగుతోందో తెలియాలంటే లెక్కలు చాలవు. అడగాలి, కూర్చుని వినాలి.

లెక్కల్లో కనపడనివి

ఆ రోజు ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ కూడా మాటల్లో కలిసింది. రామగిరి అంటే బంగారు గనులని మనకు తెలుసు. గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమె భర్త ఆ గనిలో పనిచేశారు. "ఎంత బంగారం దొరికింది అని ఇప్పటికీ అడుగుతారు నాయనా. లోపలికి దిగి వచ్చినోళ్ళకు ఎట్లుండేదో ఎవురూ అడగరు" అందామె. టన్ను రాతికి ఎన్ని గ్రాముల బంగారం అన్న లెక్క భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో దొరుకుతుంది. రాత్రి షిఫ్టు నుంచి మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్ళు ఎట్లా ఎదురుచూసేవాళ్ళో ఆమెను అడిగితేనే తెలుస్తుంది.

రామగిరిలో తల పైకెత్తితే కొండల మీద గాలిమరలు కనిపిస్తాయి. 1990ల నుంచీ ఈ ప్రాంతానికి గాలి కరెంటుతో పరిచయం ఉంది. బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు. సైన్స్ పాఠంలో మేమూ అదే చెబుతాం, అది నిజమే. కానీ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కల్పవల్లి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వేల ఎకరాల బీడు కొండలను ఏళ్ళ తరబడి కాపాడి మళ్ళీ పచ్చగా చేసుకున్నారు. గొర్రెలకు మేత, ఇళ్ళకు గడ్డి, చీపుర్లకూ బుట్టలకూ ఈతాకు, కింద చెరువులకు నీళ్ళు అక్కడి నుంచే. 2010 తర్వాత ఆ కొండల మీద గాలిమరలు వచ్చాయి. పెద్ద పెద్ద రెక్కలు పైకి చేర్చాలంటే వెడల్పాటి రోడ్లు కావాలి. రోడ్ల కోసం కొండలు తొలిచారు. చెట్లు పోయాయని, మట్టి జారిందని, వాన నీటి దారులు మారాయని, మేపు తగ్గిందని ఊళ్ళవాళ్ళు చెప్పారు.

ఎన్ని మెగావాట్లు, ఎన్ని టన్నుల బొగ్గు ఆదా అన్నది కాగితం మీద చూస్తే ఇందులో ఒక్క ఇబ్బందీ కనిపించదు. గొర్రెలు కాసేవాళ్ళతో కూర్చుని మాట్లాడినవాళ్ళకు రెండో సగం తెలిసింది. గాలిమరలు మంచివా చెడ్డవా అని తేల్చడానికి ఈ మాట ఎత్తలేదు. కొత్త యంత్రం ఏది వచ్చినా దానికి రెండు లెక్కలుంటాయి. ఒకటి యంత్రం చెప్పే లెక్క, రెండోది దాని పక్కన బతికే మనిషి చెప్పే లెక్క. మొదటిది దానంతట అదే వస్తుంది. రెండోది అడిగితేనే వస్తుంది.

అడిగి తెలుసుకోవడం కూడా ఒక శాస్త్రమే

ఇట్లా మనుషుల అనుభవాలను అడిగి, విని, రాసుకుని, అర్థం చేసుకునే పనిని విశ్వవిద్యాలయాల్లో గుణాత్మక పరిశోధన అంటారు. పేరు పెద్దది గానీ పని మనకు తెలిసిందే. ఊళ్ళో పెద్దమనిషి ఒక తగవు తీర్చే ముందు రెండు ఇళ్ళకూ వెళ్ళి కూర్చుని వినడం లాంటిది. తేడా ఏమిటంటే, పరిశోధకులు విన్నది విన్నట్టు రాసుకుంటారు, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు చెప్పినదానితో పోల్చి చూస్తారు, తమ అభిప్రాయాన్ని ఎదుటివాళ్ళ నోట్లో పెట్టకుండా జాగ్రత్తపడతారు.

తెలుగు నేల మీద దీనికి మంచి చరిత్ర ఉంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి శ్యామాచరణ్ దూబే అనే ఆచార్యుడి బృందం హైదరాబాదుకు దగ్గర్లోని శామీర్‌పేటకు వెళ్ళింది. ఊరివాళ్ళు ఏం పండిస్తారు, ఏం తింటారు, ఎవరింట్లో ఎవరి మాట చెల్లుతుంది, పండగలు ఎట్లా చేస్తారు అన్నీ దగ్గరుండి చూసి, అడిగి రాసుకున్నారు. అది 1955లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. భారతదేశంలో పల్లెల గురించి చదివేవాళ్ళకు అది ఇప్పటికీ ముఖ్యమైన పుస్తకం. ఒకే ఒక్క ఊరి కథ అయినా దూరదేశాల్లోనూ చదివారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 ప్రాంతంలో నాలుగు దేశాల్లో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన దేశంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. అందులో అనంతపురం జిల్లా కూడా ఉంది. మన రాష్ట్రంలో దాదాపు 3,000 మంది పిల్లలను చిన్నతనం నుంచి పెద్దయ్యేదాకా కొన్నేళ్ళకోసారి కలుస్తూ వచ్చారు. అందరి దగ్గరా బరువు, ఎత్తు, చదువు, ఇంటి ఆదాయం లాంటి లెక్కలు తీసుకున్నారు. వాళ్ళలో కొద్దిమంది పిల్లలతో మాత్రం చాలాసేపు కూర్చుని మాట్లాడారు. బొమ్మలు గీయించారు. పుట్టినప్పటి నుంచి తమ జీవితంలో జరిగినవన్నీ ఒక గీత మీద గుర్తులు పెట్టమన్నారు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఏం చేశారో చెప్పమన్నారు.

అట్లా విన్నప్పుడు లెక్కల వెనక ఉన్న కారణాలు బయటపడ్డాయి. ఉదాహరణకు, మన రాష్ట్రంలో ప్రైవేటు బడులకు ఆడపిల్లల కన్నా మగపిల్లలను ఎక్కువగా పంపుతున్నారని లెక్కలు చెప్పాయి. ఎందుకని తల్లిదండ్రులను అడిగితే, ముసలితనంలో చూసేది కొడుకే కదా, కూతురు పెళ్ళయి పోతుంది కదా అన్న ఆలోచన, ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోతుందన్న లెక్క బయటికి వచ్చాయి. ఆ తల్లిదండ్రులు కూతురి మీద ప్రేమ లేనివాళ్ళు కాదు. వాళ్ళ చేతిలో ఉన్న డబ్బుతో, వాళ్ళకున్న భయాలతో అట్లా నిర్ణయించుకున్నారు. అది తెలిస్తేనే దాన్ని మార్చే దారి దొరుకుతుంది.

ఇప్పుడు ఫోను దగ్గరికి వద్దాం. ప్రథమ్ సంస్థ విడుదల చేసే అసర్ నివేదిక పేరు వినే ఉంటారు. గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ళ వయసు పిల్లల మీద చేసిన 2023 నివేదికలో ఒక లెక్క ఉంది. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్ళలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. సగం కన్నా తక్కువ. ఇది ముఖ్యమైన లెక్క, దీన్ని కొట్టిపారేయలేం. కానీ మా క్లాసు అమ్మాయి ఇంట్లో ఇది ఎట్లా జరుగుతోందో ఈ లెక్క చెప్పదు. ఆ ఇంట్లో ఎవరూ "ఆడపిల్లకు ఫోన్ వద్దు" అనలేదు. "అన్నకు పరీక్షలున్నాయి, అయిపోనీ" అన్నారు. అన్న పరీక్షలు ఎప్పటికీ అయిపోవు. ఆ పిల్ల వంతు ఎప్పటికీ రాత్రి పది తర్వాతే. నేను ఇది చెప్పాక వాళ్ళమ్మ కాసేపు మాట్లాడలేదు. "మేము అట్లా అనుకోనే లేదు మేడం" అంది. నాకూ అంతకు ముందు తట్టలేదు.

ఫోనుల మీద కూడా ఇట్లాంటి పరిశోధనలు జరిగాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన తొమ్మిది మంది పరిశోధకులు 2012 నుంచి ప్రపంచంలో తొమ్మిది చోట్ల ఒక్కొక్కరు పదిహేను నెలలు నివాసముండి, అక్కడివాళ్ళు సోషల్ మీడియాను ఎట్లా వాడుతున్నారో దగ్గరి నుంచి చూశారు. అందులో ఒకటి చెన్నై శివారులోని పల్లెల సముదాయం. పక్కనే ఐటీ కంపెనీలు లేచిన చోటు. అక్కడి పరిశోధకుడు శ్రీరామ్ వెంకట్రామన్ రాసిన పుస్తకం 2017లో వచ్చింది. అందులో చదువు మీద, బడుల మీద కూడా ఒక అధ్యాయం ఉంది. ఈ తొమ్మిది పుస్తకాలూ కలిపి చూస్తే నాకు అర్థమైన విషయం ఇది. ఒకే యాప్ అన్ని చోట్లా ఒకే పని చేయదు. ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో ముందే ఉన్న ప్రేమలు, భయాలు, తేడాలు దాని వాడకాన్ని మలుస్తాయి. ధర్మవరం మగ్గం దగ్గర అది పనిముట్టు. ఇంటర్ కుర్రాడి చేతిలో అది కోచింగ్ సెంటర్. వాళ్ళ చెల్లెలికి అది ఎప్పుడూ ఇంకెవరి చేతిలోనో ఉండే వస్తువు.

ఇంట్లో మీరు చేయగలిగింది

"స్క్రీన్ టైమ్ ఎంత ఉండాలి మేడం?" పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. గంటా, రెండు గంటలా అని ఒక నంబరు చెబితే మీరు నిశ్చింతగా వెళ్తారు. చిన్నపిల్లల విషయంలో డాక్టర్లు చెప్పే హద్దులు తప్పకుండా పాటించండి. కానీ పదమూడేళ్ళ పిల్ల ఒక గంట ఫోన్ చూసిందంటే దానర్థం ఏమిటి? ఆ గంట ఊరు మారిపోయిన స్నేహితురాలితో మాట్లాడిందా? లెక్కలు అర్థం కాక వీడియో చూసిందా? ఎవరో పెట్టిన వెటకారం మెసేజ్ చదువుకుని ఏడ్చిందా? మూడింటికీ ఫోన్ చూపించే సమయం ఒకటే.

కాబట్టి ఈ నెల ఒక చిన్న పని చేసి చూడండి. పరిశోధకులు వాడే పద్ధతే, ఖర్చు లేనిది.

సెలవు రోజున ఒక తెల్ల కాగితం తీసుకుని, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఏం చేశారో గీత గీసి చూపించమని మీ బిడ్డను అడగండి. ఫోన్ గురించి ప్రత్యేకంగా అడగొద్దు. అది తనంతట తానే వస్తుంది. ఎక్కడ వచ్చిందో, దాని ముందు ఏముందో, తర్వాత ఏముందో చూడండి. ట్యూషన్ నుంచి వచ్చి, ఇంట్లో ఎవరూ లేని ఆ నలభై నిమిషాల్లోనే ఫోన్ పట్టుకుంటున్నారని మీకు కనిపించవచ్చు. అప్పుడు మీరు ఆలోచించాల్సింది ఫోన్ గురించి కాదు, ఆ నలభై నిమిషాల గురించి.

అడిగేటప్పుడు "ఎందుకు చూశావు?" అని మొదలుపెట్టొద్దు. మన ఇళ్ళలో "ఎందుకు" అన్నామంటే తప్పు పట్టామనే అర్థం. "ఏం చూశావు, నాకూ చూపించు" అనండి. "అప్పుడు నీకు ఎట్లా అనిపించింది?" అనండి. అడిగిన తర్వాత ఆగండి. పిల్లలు వెంటనే చెప్పరు. ఆ మౌనంలోకి మనం నీతి పాఠం దూర్చేస్తే ఇక ఎప్పటికీ చెప్పరు. ఇంటర్వ్యూలు చేసే పరిశోధకులకు మొదట నేర్పేది ఈ ఆగడమే.

చెప్పినదానికి శిక్ష వేయొద్దు. ఇది అన్నిటికన్నా కష్టమైనది. మీ అబ్బాయి నిజం చెప్పిన రోజే ఫోన్ లాక్కుంటే, వచ్చే నెల అతను అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం నేర్పింది మనమే అవుతాం. ఆన్‌లైన్‌లో ఎవరైనా బెదిరించడం, డబ్బులు అడగడం, ఫొటోలు అడగడం లాంటి ప్రమాదం బయటపడితే మాత్రం వెంటనే కలగజేసుకోవాలి. సైబర్ మోసాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లున్నాయి. అక్కడ కూడా కోపం బిడ్డ మీద చూపకండి.

చివరగా, అదే కాగితం మీద మీ నిన్నటి రోజు కూడా గీయండి. మన ఫోన్ గీత ఎంత పొడుగుందో పిల్లలు చూస్తారు. కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. నాకూ అయింది.

మీకు వచ్చే సందేహాలు

"ఇంత టైము మాకెక్కడిది?" అని కొందరు అడుగుతారు. మీలో పెనుకొండ దగ్గర కారు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, ధర్మవరంలో మగ్గాల మీద పన్నెండు గంటలు కూర్చునేవాళ్ళున్నారు, హిందూపురం మార్కెట్లో తెల్లవారుజామున దుకాణం తెరిచేవాళ్ళున్నారు. మీ కష్టం తెలియక చెప్పడం లేదు. నేను అడుగుతున్నది నెలకు ఒక అరగంట. ఫోన్ గురించి రోజూ జరిగే గొడవలకు మనం అంతకన్నా ఎక్కువ సమయమే పోగొట్టుకుంటున్నాం.

"పిల్లలు నిజం చెబుతారా?" అని మరికొందరు. అన్నీ చెప్పరు. పెద్దవాళ్ళమూ చెప్పం. ఒక్కసారి విన్నదాన్ని పరిశోధకులు కూడా పూర్తిగా నమ్మరు. మళ్ళీ వస్తారు, వేరేగా అడుగుతారు, చూసినదానితో పోలుస్తారు. మా క్లాసు అమ్మాయి మాటకు సాక్ష్యంగా నోట్‌బుక్ ఉంది. ప్రతిసారీ నోట్‌బుక్ ఉండదు. అయినా అడగని దానికన్నా అడిగిన దాంట్లో నిజం ఎక్కువ ఉంటుంది.

"ఒక అమ్మాయి కథ చూసి బడి పద్ధతి మార్చేస్తారా?" ఇది న్యాయమైన ప్రశ్న. ఒక కథతో ఎంతమందికి ఇట్లా జరుగుతోందో చెప్పలేం. దానికి లెక్కలే కావాలి. కానీ లెక్క తీసేవాళ్ళు ఏ ప్రశ్న అడగాలో ఈ కథ చెబుతుంది. "యాప్ తెరిచారా?" అన్న ప్రశ్న పక్కన "ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర, ఏ వేళకు ఉంటుంది?" అన్న ప్రశ్న చేరాలని నాకు ఆ ఆదివారం దాకా తెలియదు.

మన జిల్లాలో ఈ రెండూ కలిపి చేసిన పని ఒకటి ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఉమ్మడి అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే. అదే ఏడాది ఈ జిల్లాలో సామాజిక తనిఖీలు పెద్ద ఎత్తున జరిగాయి. కంప్యూటర్లో ఉన్న పనిదినాల లెక్క పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. "నీ పేరు మీద ఇన్ని రోజులు పని చేసినట్టుంది, చేశావా? డబ్బు అందిందా?" అని అడిగారు. విన్నది గ్రామసభలో అందరి ముందూ చదివారు. లెక్క ఒక చేతిలో, మనిషి మాట ఒక చేతిలో పెట్టుకుని చూశారు. చదువు లేని కూలివాళ్ళకు దక్కిన ఆ మర్యాద మన బడి పిల్లలకూ దక్కాలి కదా.

బడిని నేను కోరుతున్నది

ఈ పత్రిక మన యాజమాన్యం కూడా చదువుతుంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. యాప్ తీసేయమని నేను అడగడం లేదు. దానివల్ల బస్సు ఎక్కడుందో మీకు తెలుస్తోంది, మార్కులు దాచిపెట్టే అవసరం పోయింది, ఊళ్ళో లేని నాన్నలు కూడా బిడ్డ చదువు చూడగలుగుతున్నారు. అవన్నీ ఉండనివ్వండి.

ఎర్ర గుర్తు మూడు సార్లు పడితే, మెసేజ్ బదులు టీచర్ ఒక ఫోన్ చేయాలి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. ఇంటికి వెళ్ళే మెసేజ్ మొదటి వాక్యం తెలుగులో, చూడగానే అర్థమయ్యేలా ఉండాలి. ఫీజు మెసేజూ చదువు మెసేజూ ఒకే రంగులో ఉండకూడదు. నోట్‌బుక్‌లో రాసిన హోమ్‌వర్క్‌ను కూడా హోమ్‌వర్క్‌గానే లెక్కించాలి. ఏడాది చివర మీకు పంపే ఐదు నక్షత్రాల సర్వేతో పాటు, ప్రతి తరగతి నుంచి కొందరు తల్లిదండ్రులను, కొందరు పిల్లలను కూర్చోబెట్టి ఒక గంట వినాలి. అందులో ఫీజు ఆలస్యమయ్యేవాళ్ళు, దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్ళు, మీటింగ్‌లో వెనక వరసలో కూర్చుని మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళు తప్పకుండా ఉండాలి. ముందు వరసలో కూర్చునేవాళ్ళు ఎటూ చెబుతూనే ఉన్నారు.

ఇందులో ఒకటి నేను నా క్లాసులో మొదలుపెట్టాను. ప్రతి సోమవారం హోమ్‌వర్క్ ప్రశ్నలను నల్లబల్ల మీద కూడా రాస్తున్నాను. నోట్‌బుక్‌లో రాసినవాళ్ళకు నా రిజిస్టర్‌లో టిక్ పెడుతున్నాను. ఆ అమ్మాయికి యాప్‌లో ఇప్పటికీ అప్పుడప్పుడు ఎర్ర గుర్తు పడుతుంది. దాన్ని మార్చే అధికారం నాకు లేదు. కానీ క్లాసులో అందరి ముందూ ఆమెను అన్న మాటను, అందరి ముందే వెనక్కు తీసుకున్నాను. "నేను అడక్కుండా అన్నాను, తప్పు నాది" అన్నాను. పిల్లలు కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత వారంలో ఇంకో ఇద్దరు పిల్లలు నోట్‌బుక్‌లు పట్టుకుని స్టాఫ్ రూమ్ దగ్గరికి వచ్చారు. వాళ్ళ ఎర్ర గుర్తుల గురించి కూడా నేను ఎప్పుడూ అడగలేదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీ బిడ్డ గీసిన ఆ కాగితం తీసుకురండి. చూపించాలని లేకపోతే చూపించకండి. కానీ రండి. యాప్ కాసేపు మూసి పెట్టి మాట్లాడుకుందాం.

— ఎనిమిదో తరగతి సోషల్ టీచర్